చెత్తబుట్ట ఖాళీ చేసిందెవరు?

"ఆపు! ముందు దాని మీద నుంచి చెయ్యి తియ్యి!"

వదినగారు గుమ్మంలోంచే అరిచింది. స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఉలిక్కిపడి మౌస్ వదిలేశాడు. తెర మధ్య ఒక చిన్న పెట్టె, అందులో సగం దాకా పాకిన ఆకుపచ్చ గీత. పనికిరాని ఫైళ్ళు తీసేస్తున్నానని మెషిన్ చెబుతోంది.

ఆమె చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి, అతన్ని కుర్చీతో సహా పక్కకు నెట్టి, రద్దు చేసే బటన్ నొక్కింది. గీత ఆగలేదు. మళ్ళీ నొక్కింది. పాత మెషిన్, చెప్పిన మాట చెవిన పడడానికే దానికి సమయం కావాలి. గీత ఇంకో వేలెడంత పాకింది. చివరికి పెట్టె మాయమై, తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి.

"రండి వదినా, రండి. మీరొక్కరే తక్కువయ్యారిక్కడ," అన్నాడు గోడకానుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్.

ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకు తమ్ముడు. భర్త పోయాక ఆమె ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంటే మొదట నవ్వినవాడు అతనే. నలుగురిలో వదినా అని పిలిచి వెక్కిరిద్దామనుకున్నాడు. ఆ పిలుపు కాస్తా కానిస్టేబుళ్ళ దగ్గర్నుంచి జేబుదొంగల దాకా అందరి నోటా పడి, ఆమె పేరే వదినగారైపోయింది.

"శుభ్రం చెయ్యమన్నది ఎవరు?" అంది ఆమె.

"నేనే."

"బాగుందయ్యా. మనిషి మాయమైతే ముందు చీపురు పట్టుకోమని మీ ట్రైనింగులో చెప్పారా?"

"నన్నేం చెయ్యమంటారు? ఆ డొక్కు ఊరికే స్థలం లేదు, స్థలం లేదని మొత్తుకుంటోంది. నిన్నటి ఫోటోలు చూద్దామంటే ఒక్కటీ కనబడదు. చెత్త తీసేస్తే కాస్త నడుస్తుందేమోనని మాస్టారిని కూర్చోబెట్టాను. అదీ తప్పేనా?"

"తప్పో ఒప్పో ఇప్పుడే తేలుతుంది."

ముందు గదిలో కౌంటరు పక్కన స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో మంచుముక్కల మధ్య పెట్టిన చిన్న డబ్బా. స్టూడియో పెద్దాయన కూతురు ఆ అమ్మాయే. ఆయన నిన్న పొద్దున షట్టరెత్తి, కాసేపటికే బయటికి వెళ్ళి, మరి తిరిగి రాలేదు. వేరే మనిషైతే ఇంకో రోజు ఎదురుచూడొచ్చు. ఆయనకు పూటపూటా ఇన్సులిన్ పడాలి. ఆ మందు ఇక్కడే, ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఇవాళ సాయంత్రం లోపల ఇంజెక్షన్ పడకపోతే స్పృహ తప్పుతుందనీ, ఆ తరవాత తన చేతుల్లో ఏమీ ఉండదనీ డాక్టరు ఆ అమ్మాయితో మొహం మీదే చెప్పేశాడు. అప్పటినుంచి ఆమె ఆ డబ్బా కింద పెట్టలేదు. నాన్న కనబడిన చోటే ఇంజెక్షన్ చెయ్యాలని.

అప్పుడే గోడ గడియారంలో మూడు దాటింది.

"అల్లుడుగారు నోరు విప్పారా?" అంది వదినగారు. పెద్దాయన అల్లుణ్ణి రాత్రి నుంచి స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

"విప్పుతాడు. నిన్న పొద్దున మామా అల్లుళ్ళిద్దరూ ఇక్కడే అరుచుకున్నారు. ఈ డొక్కు పారేసి కొత్త కంప్యూటర్ కొనమని ఇతను, నా ప్రాణం పోయినా దీన్ని మార్చనని ఆయన. వీధంతా విన్నారు. ఆ తరవాతే మనిషి లేడు, మెషిన్‌లో ఫోటోలూ లేవు. అల్లుడు చేసేది కంప్యూటర్ల కంపెనీలో పని. ఇంకేం కావాలి మీకు?"

"పెద్దాయన కావాలి."

వదినగారు కంప్యూటర్ ముందున్న మనిషి వైపు తిరిగింది. నలభై దాటిన సన్నటి మనిషి. ఫోటోల్లో మొహాల మీద మచ్చలు, మొటిమలు చెరిపి నునుపు చెయ్యడం అతని పని. అందుకే వీధిలో అందరికీ అతను మొటిమల మాస్టారు.

"మాస్టారూ, ఈ కంప్యూటర్ ఇంత పాతది కదా, మీ పెద్దాయన ఎందుకు మార్చనన్నారు?"

"నెగెటివ్‌లు స్కాన్ చేసే మెషిన్ ఉందండీ, అది దీనితో తప్ప ఇంకోదానితో పని చెయ్యదు. కొత్తవాటికి అది ఉన్నట్టే తెలీదు. నెగెటివ్‌లు తెచ్చేవాళ్ళు ఇప్పుడు ఈ చుట్టుపక్కల మా దగ్గరికే వస్తారు."

"మరి చెత్త ఎవరు తీస్తారు?"

"ఎవరో ఒకరం తీస్తామండీ. నిండితే."

"నిన్న ఎవరు తీశారు?"

మాస్టారు కళ్ళు ఒక్క క్షణం ఇన్‌స్పెక్టర్ వైపు వెళ్ళి వచ్చాయి. "పెద్దాయనేనండీ. పొద్దున్నే."

వదినగారు మౌస్ అందుకుంది. తెర మూలన చెత్తబుట్ట బొమ్మ ఉంది. తెరిచి చూస్తే ఒక్క ఫైలూ లేదు.

"ఇది నువ్వు ఇప్పుడే ఖాళీ చేశావా?"

"లేదండీ, ఇప్పుడు తీస్తున్నవి వేరే. ఇంటర్నెట్ చెత్త, తాత్కాలిక ఫైళ్ళు. బుట్ట నిన్నటినుంచీ ఖాళీయే."

"నాన్న బుట్ట ఖాళీ చెయ్యరు."

అందరూ తిరిగి చూశారు. కూతురు గుమ్మం దగ్గర నిలబడి ఉంది, డబ్బా గుండెలకు పట్టుకుని.

"ఏమన్నావమ్మా?" అంది వదినగారు.

"కస్టమరు ఫోటోలు చేతిలోకి తీసుకుని, చూసుకుని, బాగున్నాయని నోటితో అనాలి. అప్పటిదాకా నాన్న బుట్టలోది ఒక్కటి కూడా పోనివ్వరు. ఎప్పుడో ఒక పెళ్ళివాళ్ళు వారం తరవాత వచ్చి, మా మేనత్త కళ్ళు మూసుకుని పడిన ఆ ఫోటోయే కావాలన్నారట, ఆవిడకదే ఆఖరి ఫోటో అని. నాన్న బుట్టలోంచి తీసి ఇచ్చారు. అప్పట్నుంచి ఇదొక నోములా పట్టుకున్నారు. మొన్న ఆదివారం తీసిన పెళ్ళి ఫోటోలు ఇంకా ఇవ్వలేదు, కవర్లన్నీ అక్కడే ఉన్నాయి చూడండి. అవి ఇవ్వకుండా నాన్న బుట్ట ముట్టుకోరు. మా ఆయనతో గొడవ కూడా అందుకే. మీరు చెత్తని దాచుకుంటారు, అందుకే ఇది నడవట్లేదని ఈయన అంటే, నువ్వు నోరు మూసుకో అని నాన్న."

వదినగారు ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "విన్నావా?"

"విన్నాను. ఆయన కాకపోతే అల్లుడే. మీరు నా మాటనే బలపరుస్తున్నారు వదినా."

"కంప్యూటర్లు తెలిసినవాడు చెరిపాడంటావు."

"అదేగా నేననేది."

"అయితే పూర్తిగా చెరిపి ఉండాలి. చూద్దాం."

ఆమె చేతిసంచి లోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చింది. మెషిన్ గురగురమంది. ఏదో కొత్తది దొరికిందని చెప్పడానికి కూడా అది తాపీగా ఆలోచించింది. ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు. కూతురు చూసుకోలేదు. ఆమె చూపంతా మంచుముక్కల మీదే ఉంది, అవి నీళ్ళవుతున్నాయి.

"ఇలాంటి పాత మెషిన్లకి ఒక గుణం ఉంది," అంది వదినగారు, ఫోటోల ఫోల్డరు తెరుస్తూ. "ఫోల్డరులో ఫోటోలన్నీ చిన్న చిన్న బొమ్మలుగా వరసగా కనబడతాయి చూడు, ఆ బొమ్మలు ప్రతిసారీ కొత్తగా తయారుచేసుకోలేక, ఒకసారి చేసినవి పక్కన దాచుకుంటుంది. దాచిన ఫైలు మామూలుగా కంటికి కనబడదు. అసలు ఫోటో తీసేసినా, బుట్ట ఖాళీ చేసినా, ఇది మాత్రం అలాగే ఉంటుంది. శుభ్రం చేసే ప్రోగ్రాము కూడా సాధారణంగా దీని జోలికి పోదు. అయినా ఇది కూడా పోతుందేమోననే నేను అరిచింది."

మాస్టారు కుర్చీలో కదిలాడు.

"ఈ సంగతి ఆ అల్లుడి కంపెనీలో కాపలావాడికి కూడా తెలిసే ఉంటుంది," అంది ఆమె. "చెరిపినవాడికే తెలీదు."

దాచిన ఫైళ్ళు చూపించమని ఒక గడిలో టిక్కు పెట్టింది. ఇంతవరకూ ఖాళీగా ఉన్న ఫోల్డరులో మసకమసకగా ఒకే ఒక్క ఫైలు తేలింది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ప్రోగ్రాముతో దాన్ని తెరిచింది. తెర తెల్లబడిపోయింది. గడియారం ముల్లు తిరుగుతున్న చప్పుడు గదిలో అందరికీ వినబడింది. తరవాత, తపాలా బిళ్ళంత బొమ్మ ఒకటి పైనుంచి కిందికి నెమ్మదిగా దిగింది.

ఒక మగమనిషి. మీసం ఉంది, గడ్డం లేదు. వెనక తెల్లటి గోడ.

రెండోది దిగింది. మీసం లేదు, కళ్ళద్దాలున్నాయి. మూడోది బట్టతల. నాలుగోదాంట్లో జుట్టు నెరిసి, బుగ్గ మీద పుట్టుమచ్చ మొలిచింది.

"నలుగురు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ముందుకు వంగి.

"చెవులు చూడు."

అతను చూశాడు. కుడిచెవి తమ్మె కొంచెం చీలి ఉంది. నాలుగింటిలోనూ అదే చెవి.

"ఒక్కడే!" ఇన్‌స్పెక్టర్ గొంతు మారింది. "ఎక్కడో చూసినట్టుంది వీణ్ణి."

"పాస్‌పోర్ట్ సైజు. ఒకే మనిషికి నాలుగు మొహాలు, దొంగ కాగితాల కోసం. మొటిమలు తీయడం వచ్చినవాడికి మీసాలు పెట్టడం ఎంతసేపు? ఏం మాస్టారూ?"

మాస్టారు కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నాడు. చెమట గడ్డం మీదుగా చొక్కా మీద పడుతోంది. అతని కళ్ళు మళ్ళీ ఇన్‌స్పెక్టర్ వైపు పోయాయి. ఈసారి వదినగారు ఆ చూపు వదిలిపెట్టలేదు. దొంగ పోలీసును చూసే చూపు కాదది. దొంగ పోలీసును చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఇతను అనుమతి కోసం చూస్తున్నాడు.

"నువ్వు కాసేపు బయటికెళ్ళు," అంది ఆమె మరిదితో.

"నేనా? నా కేసులో నన్నే బయటికి పొమ్మంటారా?"

"ఊరికే అడగట్లేదు."

"చూడండి వదినా, ఇంటికొస్తే కాళ్ళకి నీళ్ళిస్తాను. ఇక్కడ మాత్రం మీరు నాకు వదిన కాదు. పర్మిషన్ లేకుండా సాక్ష్యం ముట్టుకున్నందుకు మిమ్మల్నీ లోపలెయ్యొచ్చు."

"లోపలేద్దువుగాని. ఆ పిల్ల చేతిలో మంచు కరిగిపోతోంది. మంచు కరిగాక నన్ను లోపలేసినా, బయట ఉంచినా ఒకటే. వెళ్ళు!"

ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమెను వెంటబెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాడు. వదినగారు తలుపు దగ్గరికి వేసింది.

"చెప్పు. ఆయనంటే నీకెందుకు భయం?"

మాస్టారు రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నన్ను చంపేస్తారు."

"ఎవరు?"

"ఆ ఫోటోల్లోవాడమ్మా. నాటకాల్లో వేస్తానన్నాడండీ. వేషాలు ఎలా ఉంటాయో చూసుకోవాలి, చేసిపెట్టమన్నాడు. చేశాను. పని అయిపోగానే తీసి బుట్టలో పడేశాను. నిన్న పొద్దున పెద్దాయన ఏదో పెళ్ళి ఫోటో కోసం బుట్టలో వెతుకుతుంటే ఇవి బయటపడ్డాయి. నాటకానికి పాస్‌పోర్ట్ సైజు ఎందుకురా అని నన్ను పట్టుకున్నారు. అదే సమయానికి వాడు వచ్చాడు. పెద్దాయన వాణ్ణీ నిలదీశారు, పోలీసులకి చెబుతానన్నారు."

"వాడేమన్నాడు?"

"నవ్వాడమ్మా. మంచిది, ఇన్‌స్పెక్టర్ గారు నాకు బాగా కావలసినవారే, పదండి, వాళ్ళింట్లోనే కూర్చుని ఆయన ముందే తేల్చుకుందాం అన్నాడు. పెద్దాయన సరే పదమన్నారు. వెళ్తూ వెళ్తూ వాడు వెనక్కి తిరిగి నా చెవిలో, ఈ మెషిన్‌లో నా మొహం కనబడకూడదు అని చెప్పి వెళ్ళాడు. అన్నీ తీసేశాను. ఇవాళ ఇన్‌స్పెక్టర్ గారే స్వయంగా వచ్చి, ముందు ఆ చెత్తంతా శుభ్రం చెయ్యి అన్నారు." మాస్టారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంకెవరికి చెప్పుకోను? మీరూ ఆ ఇంటివాళ్ళే కదా!"

వదినగారికి ఆవలింత వచ్చింది. భయం ముదిరితే ఆమెకు ఆవలింతలొస్తాయి. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

తను ఎత్తుకుని తిప్పిన పిల్లాడు. పెళ్ళై వచ్చిన కొత్తలో బళ్ళో చొక్కా చింపుకుని వచ్చి, అన్నయ్యకు చెప్పొద్దని కుట్టించుకున్నవాడు. కోపిష్టి, తొందరపాటు మనిషి, ఆడవాళ్ళకి తెలివి ఉంటుందంటే నమ్మడు. ఆ దుర్గుణాలన్నీ ఆమెకు తెలుసు. ఇది ఆ లెక్కలోది కాదు. కానీ శుభ్రం చెయ్యమన్నది అతనే. అల్లుణ్ణి లోపలేసింది అతనే. తలుపుకు ఆ పక్క, పెద్దాయన కూతురితో ఒంటరిగా ఉన్నదీ అతనే.

తెర మీద ఇంకో బొమ్మ దిగడం మొదలైంది.

ఇదొక్కటే వేరుగా ఉంది. అతుకులేమీ వెయ్యని అసలు ఫోటో. ఇంట్లో ఎవరిచేతో తీయించుకున్నట్టుంది. వెనక తెల్లగోడ లేదు. మొహానికి గుబురు గడ్డం. చీలిన చెవి. భుజం వెనక కిటికీ, కిటికీకి తెర. ఒక రెక్క పసుపు, ఇంకో రెక్క ఆకుపచ్చ.

వదినగారు ఆ బొమ్మ మీదికి వంగి చూసింది.

ఆ తెర కుట్టింది ఆమే. మరిదీ తోడికోడలూ ఇల్లు కట్టుకున్నప్పుడు, దగ్గరున్న పసుపు గుడ్డ చాలక, రెండో రెక్కకు ఆకుపచ్చది వేసి కుట్టి ఇచ్చింది. దాన్ని కింద హాల్లో పెట్టుకోవడానికి తోడికోడలు నామోషీ పడి, ఎవరూ చూడని పై వాటాలో వేలాడదీసింది.

ఆమె వెళ్ళి తలుపు తీసింది. ఇన్‌స్పెక్టర్ కౌంటరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆ అమ్మాయి డబ్బాలోని నీళ్ళు ఒంపేసి, ఫ్రిజ్‌లోంచి తీసిన కొత్త మంచు ముక్కలు సర్దుతున్నాడు. ఆమెను చూసి సిగ్గుపడినట్టు లేచి నిలబడ్డాడు.

వదినగారు ఒక్క అర నిమిషం అతని మొహంలోకి చూసింది. తరవాత అడిగింది.

"మీ పై వాటా ఎవరికిచ్చావు?"

"ఇప్పుడదెందుకు?"

"ఎవరికిచ్చావని అడుగుతున్నాను."

"ఎవడో ఒంటరివాడు. బ్యాంకులో పనంట. మీ తోడికోడలే మాట్లాడి పెట్టింది. నేను చూసిందే రెండుసార్లు, గడ్డంతో..." అతను ఆగిపోయాడు.

పరుగున వెనక గదిలోకి వచ్చాడు. తెర మీద బొమ్మ వైపు చూశాడు. పోలీసు ఇంటికి మించిన చోటు దాక్కోవడానికి ఎవడికి దొరుకుతుంది? జేబులోంచి ఫోను తీసి ఇంటికి నొక్కాడు. వేళ్ళు తప్పాయి. మళ్ళీ నొక్కాడు. వదినగారు చేయి చాచి స్పీకరు ఆన్ చేసింది.

చాలాసేపు మోగింది.

"ఏంటండీ, ఈ వేళప్పుడు?" తోడికోడలు గొంతు, కాస్త ఆయాసంగా. "చేతులు ఖాళీ లేవు, భుజానికి ఆనించి మాట్లాడుతున్నా."

"ఎక్కడున్నావు?"

"మెట్లెక్కుతున్నా. పై వాటా ఆయన నిన్న వాళ్ళ నాన్నగారిని తీసుకొచ్చాడులెండి, మీకు చెప్పడం మర్చిపోయా. పాపం పెద్దాయనకి పొద్దున్నుంచీ మగతగా ఉందట, పిలిస్తే పలకట్లేదట. నీరసమేమోనని ఓ పెద్ద గ్లాసుడు పంచదార నీళ్ళు కలిపి తెచ్చిపెట్టమన్నాడు."

గుమ్మంలో కూతురు కెవ్వుమంది. "వద్దని చెప్పండి! అది నాన్న! పంచదార పడితే నాన్న ఇక లేవరు!"

"దిగు! వెనక్కి దిగు, ఆ గ్లాసు పారబొయ్యి!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. "వినబడుతోందా? పైకి వెళ్ళకు!"

"అంత అరుస్తారేంటండీ, అర్థం కావట్లేదు. ఆగండి, తలుపు తీశాడు..."

ఫోనులో ఏదో రాసుకున్న చప్పుడు. గాజులు గలగలమన్నాయి. తరవాత ఒక మగగొంతు, ఎంతో మర్యాదగా వినిపించింది.

"ఫోను ఇలా ఇవ్వండమ్మా, గ్లాసు ఒలికిపోతుంది. మీరు లోపలికొచ్చి కూర్చోండి." ఫోను చేతులు మారింది. "నమస్కారం ఇన్‌స్పెక్టర్ గారూ. కంగారు పడి వచ్చెయ్యకండి. ముందు ఈ గ్లాసు పెద్దాయన చేత తాగించాలి, అమ్మగారు సాయం చేస్తారు. తలుపు వేస్తున్నాను."